మలుపు దగ్గర్నుంచే కేకేసిన కబురు

అడవి మంచె, మోంటానా
సెప్టెంబరు 11, 1958

అమ్మా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. సోమవారం యూనివర్సిటీకి వెళ్లడం లేదు. నా తర్వాత ఈ మంచె మీద కార్చిచ్చు కాపలాకి రావలసినవాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. అడవి ఎండి గలగలలాడుతోంది, ఒక్క నిప్పురవ్వ చాలు. మంచు పడేదాకా దిగలేను, నా సీటు ఒక ఏడాది అట్టిపెట్టమని నెల కిందటే వాళ్లకి రాశాను. ఇవాళ జవాబొచ్చింది. అదీ దీనిలాగే కార్డే, దారిలో అందరూ చదివేశారు. కంచరగాడిదల మీద నాకు సామాన్లు తెచ్చే ఓర్వల్ బాబాయ్ మలుపు దగ్గర్నుంచే కేకేశాడు: "అమ్మాయ్, వచ్చే ఏడు రమ్మన్నారు! స్కాలర్‌షిప్పు కూడా ఎక్కడికీ పోదట!"

"నా కార్డు నన్ను చదువుకోనివ్వవా?" అన్నాను.

"పదహారు మైళ్లు మోసుకొచ్చాను, ఆ మాత్రం హక్కు లేదా?" అన్నాడు.

నువ్వు సర్దిన పెట్టె విప్పకు, ఉన్ని మేజోళ్లు మాత్రం తీసి పంపు. కొత్త కోటు చెల్లి వేసుకోవచ్చు, పాలు పితికేటప్పుడు మాత్రం వద్దని చెప్పు. ఎర్రావు ఈనిందా? నాన్నకి ముందు కాఫీ ఇచ్చి, తర్వాత ఈ కార్డు చూపించు. దీన్నీ బాబాయ్ చదువుతాడు గనక ఇక్కడే చెప్తున్నా: ఈసారి ఉల్లిపాయలు మరిచిపోవద్దు.

అందరికీ ముద్దులతో,
ఇంగా

చెల్లెమ్మా, ఉల్లిపాయలు తెస్తాను. మీ పిల్ల ఒక సంగతి రాయలేదు. కార్డు చేతికివ్వగానే గాడిద మెడ పట్టుకుని బావురుమంది. పోయినసారి నేను తెచ్చిన రొట్టె అలాగే ఎండిపోయి ఉంది. ఇవాళ కడుపునిండా తింది.
ఓర్వల్