రాయి బతుకుతుందా

అమ్మాయికి నాన్న ఆశీస్సులు.

నా దస్తూరి కోడి గీరినట్టుంటుందని నీకు తెలుసు. వత్తులూ దీర్ఘాలూ ఎక్కడ తప్పినా సర్దుకుని చదువుకో తల్లీ. నేను చదివింది ఊరి బడి, ఆ తర్వాత బతుకంతా బట్టల కొట్లో గజంబద్ద పట్టుకోవడమే. ఇక్కడ నేనూ అల్లుడూ కులాసాగా ఉన్నాం. నీ కాళ్ళ వాపు తగ్గిందా? వార్డులో నిలబడేటప్పుడు మెత్తటి చెప్పులు వేసుకో. ఆ నర్సు ట్రైనింగేదో అయ్యేదాకా ఇంటి గురించి బెంగ పెట్టుకోకు.

ఇవన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అని రాశావు. ఫోను చెవిన పెట్టుకుంటే నాకు ‘ఆఁ’, ‘ఊఁ’ తప్ప మాట రాదు. పైగా ఈ ఇంటి గోడలు పల్చన. నువ్వు నన్ను ఇక్కడికి పంపిందేమో నీ మొగుణ్ణి కనిపెట్టి ఉండమని. అతని సంగతులు అతనికే వినపడేటట్టు చెబితే అది కాపలా ఎలా అవుతుంది?

తిండి తింటున్నాడా అన్నావు. తింటున్నాడు. నా వంటలో ఉప్పు ఎక్కువైనా వంక పెట్టడు. లిఫ్టుల పని నుంచి వచ్చి, చేతులు కడుక్కుని, కంచం ముందు కూర్చుంటాడు. అతను మాట్లాడడు, నేనూ మాట్లాడను. మా ఇద్దరి మధ్య మాటకారి ఎవరంటే గోడ గడియారమే.

నీలం వెలుగు సంగతి. పైవాటా ఆవిడ నీకు చెప్పింది అబద్ధం కాదు. సాయంత్రమయ్యేసరికి ముందుగదిలో నీలం దీపం వెలుగుతుంది. దాని కింద గాజు తొట్టి, అందులో ఉప్పునీళ్ళు. సముద్రంలో ఉండే పగడాలను ఇంట్లో పెంచుతాడట. చూస్తే మొక్కల్లా ఉంటాయి, కాని జీవాలట. అతను మెట్ల మీద మోసుకొచ్చాడని ఆవిడ నీకు చెప్పిన బస్తా కూడా ఆ నీళ్ళలో కలిపే ఉప్పే. పైవాటా ఆవిడ నన్ను ఆపి, “ఇంత ఉప్పు దేనికండీ, మీ అల్లుడు ఎవర్నైనా చంపి ఊరబెడుతున్నాడా” అంది. నవ్వుతూనే అంది, కాని కళ్ళు మాత్రం నన్ను దాటుకుని గుమ్మంలోకి వెళ్ళాయి.

నాకూ అనుమానమే వచ్చింది. పెళ్ళాంతో చెప్పకుండా మొదలుపెట్టిన పని మంచిదెలా అవుతుంది? అందుకే అతను ఆదివారం బయల్దేరితే, నాకూ ఊసుపోవడం లేదని వెంటపడ్డాను. ఆదివారాల్లో అతను కలిసే ఆడమనిషి ఎవరని అడిగావు కదా, ఆమె ఆ సరుకులమ్మే కొట్టావిడ. వీధిలో అందరూ ఉప్పక్క అంటారు. నాలుక కత్తి. వాడిన సామాన్లు కొని, బాగుచేసి, చవగ్గా అమ్ముతుంది.

కొట్టు లోపల చీకటి. తొట్లన్నీ నీలం వెలుగులో ఉన్నాయి. పగడాలు పచ్చగా, నారింజగా నిప్పు రాజుకున్నట్టున్నాయి. నాకు అక్కడే ముల్లు గుచ్చుకుంది. దీపం కింద సరుకు చూపించే కొట్టు ఎలాంటిదో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మా యజమాని దీపాలు మారిస్తే వెలిసిన గుడ్డ తాను కూడా పెళ్ళిబట్టలా మెరిసేది. తెలివైనవాళ్ళు గుమ్మం దాకా పట్టుకెళ్ళి ఎండలో చూసుకునేవారు.

“ఒకసారి దాన్ని బయటికి తెచ్చి చూపించమ్మా” అన్నాను.

ఆమె నడుం మీద చేయి వేసుకుని నవ్వింది. “గుడ్డ అనుకున్నారా బాబాయ్? నీళ్ళ అడుక్కి దిగితే వెలుగులో మిగిలేది ఈ నీలమే. దీనికి ఎండంటే ఇదే. మీ ఎండలో కాదు, దాని ఎండలో చూడాలి.”

అప్పుడు అల్లుడూ నవ్వాడు. పోయిన ఉత్తరంలో ‘ఆమె నవ్వితే అతనూ నవ్వాడు’ అని రాశానే, ఆ నవ్వు ఇదే. వాళ్ళిద్దరూ నవ్వింది నన్ను చూసి. ఆ ముక్క అప్పుడు రాయలేదు.

తర్వాత దీపం బేరం. ఖరీదైనదాన్ని చూపించి “నీకిది దండగ” అంది. మొక్కలకు పెట్టే చవక తెల్లదీపం చూపించి “ఇది పెడితే నాచు తప్ప ఏమీ పెరగదు” అంది. చివరికి ఎవరో వాడి అమ్మేసిన నల్లపెట్టె దీపం దించి, “ఇది చాలు. నీలం వేరుగా, తెలుపు వేరుగా తగ్గించుకోవచ్చు. మొదట మసకగా పెట్టి, మెల్లమెల్లగా పెంచు” అంది. నీళ్ళ నుంచి నురగ తీసే యంత్రం కావాలా అని అతనడిగితే, “ఆ బుల్లి తొట్టికి అదెందుకయ్యా, వారం వారం కాసిని నీళ్ళు మార్చుకో. ఆ డబ్బు పెట్టి మంచి హీటరు కొను, అది చెడితే అన్నీ ఉడికిపోతాయి” అంది.

వద్దు వద్దు అనే కొట్టువాళ్ళను నేను నమ్మను. రెండు వద్దని మూడోది అంటగట్టడం నేనూ చేసిన విద్యే. పైగా చివర్లో తట్టెడు రాళ్ళు ముందు పెట్టి, ఇవి ప్రాణమున్న రాళ్ళు అంది. వాటిలో కంటికి కనపడని పురుగులుంటాయట, అవే నీళ్ళను శుభ్రం చేస్తాయట. రాయికి ప్రాణం అంటగట్టి అమ్మే మనిషిని నేను మొదటిసారి చూశాను. అల్లుడు మాత్రం ఒక్కొక్క రాయినీ అటూ ఇటూ తిప్పి, సంబంధం చూసినట్టు చూశాడు. బేరమాడలేదు. నేనే ఆడి కాస్త తగ్గించాను.

రాళ్ళు తొట్టిలో పేర్చి, నీళ్ళు కుదుటపడేదాకా నెల పైన ఊరికే ఆగాడు. ఖాళీ నీళ్ళ ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చునేవాడు. తర్వాత ఒక్క పగడం తెచ్చాడు. చిన్న రాతిముక్క మీద చొక్కాగుండీల్లాంటివి గుత్తిగా ఉంటాయి. నీలం వెలుగులో పచ్చటి పచ్చ.

ఇక నువ్వు అడగని సంగతి రాయాలి. రాయాలంటే చేయి వెనక్కి పోతోంది.

అతను పనికి వెళ్ళిన పూట ఆ రాతిముక్కను గ్లాసులోకి తీసి, బాల్కనీలోకి పట్టుకెళ్ళాను. తొట్టి నీళ్ళే పోశాను, అంతవరకు బుద్ధి పనిచేసింది. ఎండలో చూస్తే అది బురదరంగు. మోసం దొరికిందని సంబరపడ్డాను తల్లీ. నీకు ఏం రాయాలో మాటలు కూడా కూర్చుకున్నాను. ఇంతలో పైవాటా ఆవిడ తలుపు కొట్టింది. గుమ్మంలోనే పట్టుకుని అదీ ఇదీ కూపీ లాగింది. నాకు మాట తెంపడం రాదని నీకు తెలుసుగా. ఆవిడ వెళ్ళాక చూస్తే గ్లాసు కాలుతోంది. గుండీలన్నీ బిగుసుకుపోయాయి. తీసుకెళ్ళి మళ్ళీ ఉన్నచోటే పెట్టేశాను.

మర్నాడూ విచ్చుకోలేదు. ఆ మర్నాడూ అంతే. అతను నన్ను ఏమీ అడగలేదు. ఆదివారం ఉప్పక్క దగ్గరకు వెళ్ళాం. ఎండ గానీ వేడి గానీ తగిలిందా అని ఆమె అడిగింది. నేను జేబులో కళ్ళజోడు వెతుక్కున్నాను. అతను, “దీపం నేనే ఎక్కువ పెట్టాను” అన్నాడు.

“మెల్లగా పెంచమని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. చెవులు ఎక్కడ తాకట్టు పెట్టావయ్యా?” అంది. అతను తలొంచుకుని వింటున్నాడు. నేను సామాన్లు చూస్తున్నట్టు గుమ్మం వైపు నడిచాను. అప్పుడు వెనక నుంచి వినపడింది.

“రాయి బతుకుతుందా అక్కా?”

“రాయేమిటి, పగడం అనరాదూ?”

“మా ఇంట్లో రాయనే అంటారు. నా చేతిలో రాయి కూడా బతకదట.” నవ్వుతూనే అన్నాడు.

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు. అతను గాజుసీసాలో పెంచిన రంగుచేపలు చచ్చిపోయిన రోజు, మీ పిన్నివాళ్ళ ముందు నువ్వన్నదే. అందరం నవ్వాం. అతనూ నవ్వాడు. అది ఎక్కడ గుచ్చుకుందో ఎవరం చూడలేదు.

ఇంటికి రాగానే, “బాబూ, దాన్ని ఎండలో పెట్టింది నేను” అన్నాను.

అతను నేల చూపించాడు. తొట్టి దగ్గర నుంచి బాల్కనీ దాకా తెల్లటి చుక్కలు. ఉప్పునీళ్ళు ఒలికి ఆరితే మరక పడుతుందని నాకు తోచలేదు.

“ఆ రోజే చూశాను మామయ్యగారూ.”

“మరి కొట్లో నీ మీద వేసుకున్నావేం?”

“ఆమె నోరు మీకు తెలియదు. మీరు తట్టుకోలేరు.”

కాసేపు తడిగుడ్డతో చుక్కలు తుడిచాడు. తల ఎత్తకుండానే, “మీరెందుకు వచ్చారో కూడా తెలుసు. ఉత్తరం రాసిన రోజు మీరు అన్నం దగ్గర ఇంకా తక్కువ మాట్లాడతారు” అన్నాడు.

“తెలిసీ ఊరుకున్నావా?”

“ఇంట్లో ఒక మనిషి ఉన్నట్టుంది కదండీ.”

నేనూ ఒక గుడ్డ తడిపి రెండో కొస నుంచి తుడిచాను.

నీకెందుకు చెప్పలేదో అప్పుడే చెప్పాడు. నువ్వు వచ్చేలోపు అది బతికితే చూపిస్తాడట. బతక్కపోతే తొట్టి కింది బల్ల మీద ఇస్త్రీబట్టలు పెట్టుకోవచ్చట. పాత ఇనుము తెచ్చి, నీళ్ళ బరువును లిఫ్టులో జనం బరువులా లెక్కగట్టి తనే చేసిన బల్ల అది. బట్టలకు మరీ గట్టిది. అప్పటిదాకా నీతో అనవద్దన్నాడు. నేను అనేశాను. ఇక ఇది నా కాపలాకి ఆఖరి ఉత్తరం. అతని గురించి ఏం తెలుసుకోవాలన్నా అతన్నే అడుగు. పైవాటా ఆవిడ ఏం చెప్పినా సగం తీసేసి విను. ఉప్పక్కను మాత్రం నేనింకా పూర్తిగా నమ్మలేదు.

గుండీలు సగం విచ్చుకున్నాయి. మిగతా సగం ఇంకా ముడుచుకునే ఉన్నాయి. రెండో పీట వేసుకుని నేనూ కూర్చుంటున్నాను. చేయి పెట్టడం లేదు.

తొందరగా జవాబు రాయి. నాకు కాదు, అతనికి రాయి. పగడం సంగతి నీకు తెలిసినట్టు మాత్రం బయటపడనివ్వకు.

ఇట్లు,
నీ నాన్న, అతని మామయ్య.