పది అడుగుల కోత

గురువారం, ఆర్.కె.పేట

నాన్న కొన్న పాత వరికోత మిషను ఎన్నో ఏళ్ల తర్వాత ఈ రోజు కదిలింది. నాలుగు నెలలుగా నేనూ, మెకానిక్ మునస్వామి మామా దాన్నే పట్టుకుని ఉన్నాం. మా మడిలో పది అడుగులు కోసిందో లేదో, లోపల ఏదో విరిగింది. మామ కిందికి దూరి చూశాడు.

"డ్రమ్ము షాఫ్టు ఇరిగిపోయినాది. ఈ సామాను ఇంక యాడా దొరకదు అబ్బయ్యా."

"వెల్డింగ్ పెడితే?"

"నిలవదు."

చూపు పోయిన నాన్న దూరంగా గట్టు మీద కూర్చుని ఇంజను చప్పుడు మాత్రమే విన్నాడు. ఇంటికి నడిపించుకొస్తుంటే, "ఎంత కోసినావు రా?" అని అడిగాడు.

"ఒక మడి అయిపోయినాది నాయనా" అన్నాను.

ఆయన నవ్వాడు. రేపు పొద్దున్నే వచ్చి కోసిన వరి మోళ్లను చేత్తో తడిమి చూస్తానంటున్నాడు. ఏమని చెప్పి ఆపాలో...