ముందు నిలబడే పిల్ల

ఆగస్టు 9, కర్నూలు

మా కాలేజీ టీమ్ ఫైనల్స్‌కి సెలెక్ట్ అయింది. కడపలో, 30న. డ్యాన్స్ పోటీ పెట్టింది ఒక షాంపూ కంపెనీ. హాలు నిండా వాళ్ళ బ్యానర్లే. గేటు దగ్గర అందరికీ ఫ్రీ సాచెట్లు.

స్టెప్పులన్నీ నావి. టీమ్ లీడర్ని నేను. కానీ పాట మధ్యలో మా టీమ్‌లోని పవిత్ర జడ ఊడిపోయింది. మోకాళ్ళ దాకా జుట్టు! ఇక ఫోన్లన్నీ దానివైపే. కంపెనీ మేడమ్ స్టేజీ ఎక్కి మరీ ఆ జుట్టు పట్టుకుని చూసింది. స్టెప్పులు ఎవరు నేర్పారని ఒక్కరూ అడగలేదు. కడుపు మండిపోయింది. నవ్వుతూ ఫోటో దిగాను.

ఆగస్టు 12

మేడమ్ నాకు ఫోన్ చేసింది. ఫైనల్స్‌లో పవిత్ర జుట్టు విరబోసుకుని ముందు నిలబడాలట. ముందు నిలబడిన పిల్ల ఫోటోతో అన్ని కాలేజీల్లో పోస్టర్లు వేస్తారట. అంతవరకు ఎవరూ జుట్టు కత్తిరించుకోకూడదు, అందరికీ చెప్పు అంది. సరే మేడమ్ అన్నాను.

మరి నేనో? నా స్టెప్పులకి నేనే రెండో వరుస.

ఆగస్టు 14

ఇంకా చెప్పలేదు.

ఆగస్టు 16

క్యాంటీన్‌లో పవిత్ర బాంబు పేల్చింది. మనం కడపకి పోతే తలనీలాలు ఇస్తానని ఉరుకుంద ఈరన్నకి మొక్కుకున్నా, శ్రావణం అయిపోతాండాది, సోమవారం అమ్మతో పోతాండా అంది. ఆడపిల్లవి, మూడు కత్తెర్లిస్తే చాలదా అని మా టీమ్‌లోని శిరీన్ అడిగింది. దేవునికాడ బేరమేందే, మొత్తం ఇస్తానంది పవిత్ర.

మేడమ్ చెప్పమన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. పోయిరా, నాకూ ప్రసాదం తీసుకురా అన్నాను.

నేను ఇంత చెడ్డదాన్నా? అవును, ఇంతే.

ఆగస్టు 18, సాయంత్రం 4

ఈపాటికి అయిపోయుంటుంది.

ఆగస్టు 19

గుండు. గంధం పూసుకుని వచ్చింది. శిరీన్ ఏడ్చేసింది. పవిత్ర మాత్రం గాలి శానా బాగా తగులుతాండాదని నవ్వింది.

మేడమ్ వీడియో కాల్‌లో చూసి అరిచింది, నువ్వు చెప్పలేదా అని. చెప్పాను మేడమ్, వినలేదు అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! చివరికి నన్నే ముందు నిలబడమంది. పవిత్ర వెనక వరుసలో, తలకి స్కార్ఫ్ కట్టుకుని.

ఆ సంగతి పవిత్రకి చెబితే, నువ్వే గదా నేర్పినావు సంతోషా, ముందు నువ్వే ఉండాల అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆగస్టు 31, కడప నుంచి వచ్చే బస్సులో

నిన్న ముందు నిలబడ్డాను. జుట్టు విరబోసుకుని, మేడమ్ చెప్పినట్టే. సగం పాటలో హాలంతా ఈలలు. నాకే అనుకున్నాను. చూస్తే వెనక పవిత్ర స్కార్ఫ్ జారింది. ఇంకెవరైనా అయితే ఏడుస్తూ లోపలికి పరుగెత్తేవాళ్ళు. ఇది ఆ స్కార్ఫ్‌నే లాగి నడుముకి చుట్టుకుని ఆడింది. జనం లేచి నిలబడ్డారు. నా జుట్టు నా కళ్ళలోనే పడి, నేను పెట్టిన స్టెప్పే నేను తప్పాను.

సెకండ్ ప్రైజ్. పొద్దుటి నుంచి అందరి ఫోన్లలో గుండు పిల్ల వీడియోనే. ఇక షాంపూ పోస్టర్ ఎవరు చూస్తారని కంపెనీవాళ్ళు మానుకున్నారు. ఒక నగల షాపాయన మాత్రం తన పోస్టర్‌కి పవిత్రని అడిగాడట, గుండుకి కమ్మలు బాగా కనబడతాయని. ఛీ! జుట్టు పోయినా అదే గెలిచింది.

ఇందాక నా పక్కకి వచ్చి కూర్చుంది. సంతోష చెప్పినా ఎందుకు వినలేదని మేడమ్ దాన్ని అడిగిందట. అవును మేడమ్, చెప్పింది, నేనే వినలే అన్నా లేవే అంది. అంతే. ఇంకేమీ అడగలేదు. నా చేతిలో ఇన్ని బఠానీలు పోసి, నా భుజం మీదే నిద్రపోయింది.

సెప్టెంబర్ 4

ఉరుకుందకి పోదామని అమ్మని అడిగాను. శ్రావణం అయిపాయ గదా, ఏం మొక్కుకున్నావే అంది.

ఏమీ మొక్కుకోలేదు. గుండు చేయించుకోవాలి.