గుర్రానికో చల్లని ఊరు

మణుగూరు,
ఫిబ్రవరి 3

సాంబమూర్తి మామకు,

మేనకోడలు నవత దండాలు పెట్టి రాసేది. మేమంతా బాగానే ఉన్నం. నువ్వూ గురవమ్మత్తా ఇంకా బాగుంటరు, ఎందుకంటే మీ ఊళ్లో ఎండ లేదు.

ఈ కాలంలో ఉత్తరమేందని నవ్వకు. ముప్పై ఏండ్లు బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్‌గా మందు పేల్చి పేల్చి, రిటైరయ్యే నాటికి నీ చెవుల్ని అక్కడే అప్పగించి వచ్చినవ్. ఫోన్‌లో మాట్లాడలేం. వాట్సాప్ పెడదామంటే నీ ఫోన్ ఎప్పుడూ అత్త సీరియళ్లల్లో ఉంటది, మీ కొండ మీద సిగ్నల్ అమాసకో పున్నానికో వస్తది. అందుకే ఈ కవరు.

సంగతేందంటే, నేను గుర్రంతో సహా మీ లంబసింగికి మకాం మారుద్దామనుకుంటున్న.

గుర్రం సంగతి నీకు తెల్వదు. పెండ్లి బరాత్‌లకు గుర్రాలు కిరాయికిచ్చే హీరాలాల్ లేడా, వాళ్ల పిల్లలకు రెండేండ్లు ట్యూషన్ చెప్పిన. ఆయన దగ్గర బిజిలి అని ఒక తెల్లగుర్రం, ఆడది. పాల్వంచలో ఒక బరాత్‌లో డీజే మొదలు కాంగనే పెండ్లికొడుకుతో సహా ఉరికి బస్టాండ్‌లో ఆగింది. పెండ్లికొడుకు ఆటోలో వెనక్కొచ్చిండు, బిజిలి రాలేదు. చప్పుడంటే దానికి ప్రాణం పోతది. ఇగ పనికిరాదని హీరాలాల్ ఫీజుకు బదులు దాన్నే మా ఇంటికి తోలిండు. నేను డిగ్రీ బీరువాలో పెట్టి ఖాళీగా ఉన్న. వీడియోలు చూసి, పదకొండుసార్లు కింద పడి, సవారీ నేర్చుకున్న.

పోయినేడు నాకు సవారీకి దొరికినయి అరవై ఎనిమిది రోజులు. మార్చి నుంచి జూన్ దాకా మన నేల మీద రొట్టె కాల్చుకోవచ్చు. వానకాలం రేగడిలో దాని కాలు దిగితే జేసీబీని పిలవాలె. ఇవి పోను రోజూ మధ్యాహ్నం మూడింటికి ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో బ్లాస్టింగ్. బిజిలి రెండున్నర నుంచే వణుకుతది. దానికి గడియారం తెలుసు. ఏడాది పొడుగునా బయట గుర్రమెక్కి తిరగాలంటే మీ ఊరే అని తేల్చుకున్న.

నాయినేమో శ్రీరామనవమి లోపల బిజిలిని తిరిగి ఇచ్చేస్తనని హీరాలాల్‌కు మాటిచ్చిండు. కంపెనీ క్వార్టర్ ముందర గుర్రముంటే పరువు తక్కువంట. నవమి దాటితే ముహూర్తాలు. ఈసారి చెవుల్లో దూది కుక్కి నడిపిస్తనంటున్నడు హీరాలాల్.

అందుకని పెద్ద వాకిలున్న ఇల్లు ఒకటి కిరాయికి చూడు మామా. నవమి లోపల.

ఇట్లు,
నీ కోడలు నవత

తా.క. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నువ్వు కూడా ఎవరికీ చెప్పకు. చెవులు లేకున్నా నీకు నోరు మంచిగనే ఉందని అమ్మ అంటది.

*

లంబసింగి,
ఫిబ్రవరి 11

త్వరలో సౌభాగ్యవతి కాబోయే చిరంజీవి నవతకు,

సాంబమూర్తి మామ అక్షింతలేసి రాసేది. ఉత్తరం అందింది. నేను రెండుసార్లు చదివి, మీ అత్తకు ఒకసారి గట్టిగ చదివి వినిపించిన. పక్కింటోళ్లు గూడ విన్నరు.

అంత అర్థమైంది బిడ్డా. మన ఇంటి ఆడపిల్ల "మామా, నాకు పెండ్లి చెయ్" అని నోటితోని అంటదా? గుర్రం అన్నవ్. పెద్ద వాకిలి అన్నవ్. నవమి లోపల అన్నవ్. మణుగూరుల నాకు బుద్ధెరిగిన కాన్నుంచి గుర్రం బరాత్‌కు తప్ప ఇంక దేనికన్న వచ్చిందా? అరవై ఎనిమిది రోజులని ముహూర్తం లెక్క గూడ ఏస్కున్నవ్. సదువుకున్న పిల్లవు.

సిగ్గుపడకు. పిల్లగాని పేరు గిప్పుడే రాయకు. మేనమామకు పెండ్లి మాట తెలిసినంక ఊకుండొద్దు గనుక, బావకు ఇయ్యాలనే ఇంకో కవరు రాసి డబ్బాల ఏసిన.

మీ మామ,
సాంబమూర్తి

తా.క. పిల్లగాడు ఎత్తు ఎంత? పొట్టిగుంటే ఇప్పుడే చెప్పు. గుర్రమెక్కనీకి స్టూలు చేపిస్త.

*

మణుగూరు,
ఫిబ్రవరి 19

మామకు,

దండాలు. పెండ్లి లేదు. పిల్లగాడు లేడు. గుర్రం ఒక్కటే ఉంది. గుర్రం నాకోసం. ఎక్కేది నేను. ఎక్కడికీ పోవడానికి కాదు, ఊరికే, గాలి కోసం.

నువ్వు నాయినకు రాసిన కవరు ఆయన సెకండ్ షిఫ్ట్‌కు పోయేముందు విప్పిండు. విప్పి, చదివి, టిఫిన్ డబ్బా మర్చిపోయి పోయిండు. అమ్మ ఆ డబ్బా చేతిలో పట్టుకొని నన్ను చూసింది. "ఎన్ని రోజుల సందే ఇది?" అన్నది. ఏది అని నేను అడగకముందే ఏడ్చింది. ఏడుపు అయినంక, "నాతోని చెప్తే నేను వద్దంటనా?" అన్నది. బిజిలిని తెచ్చిన రోజు వద్దన్నది ఆమెనే, అయితే ఆ మాట ఎత్తడానికి అది సమయం కాదు.

దయచేసి ఇంకో కవరు రాయి. జరిగింది పొరపాటని ఒక్క ముక్క చాలు. నవమికి ఇంక అయిదు వారాలే. నాకు కావలసింది కిరాయి ఇల్లు, పెండ్లి పందిరి కాదు.

ఇట్లు,
నవత

తా.క. బిజిలిని గోడ చాటుకు కట్టమంది అమ్మ. శుభకార్యం ఉన్న ఇంట్లో దిష్టి తగులుతదంట. నాకు కాదు, గుర్రానికి.

*

లంబసింగి,
ఫిబ్రవరి 27

బిడ్డ నవతకు,

మామ దీవెనలు. ఇప్పుడు అసలు సంగతి సమజైంది. ఎక్కేది పిల్లగాడు కాదు, నువ్వు! పెండ్లికూతుళ్లు గుర్రమెక్కుడు ఇప్పుడు మస్తు నడుస్తున్నదని మీ అత్త సీరియల్ల చూసింది. నేనే పాతకాలపోణ్ణి. స్టూలు ఆర్డర్ క్యాన్సల్ చేసిన.

నువ్వు చెప్పినట్టే బావకు ఇంకో కవరు రాసిన. ఒక్క ముక్క చాలన్నవ్, నాలుగు పేజీలు రాసిన. పెండ్లికని మేనమామ కన్ను పడ్డ గుర్రాన్ని పరాయోని చేతిల పెట్టుడు అరిష్టమని రాసిన. ఇచ్చిన మాట సంగతి హీరాలాల్‌తోని నేను మాట్లాడుకుంటనని గూడ రాసిన.

ఇల్లు దొరికింది. కాఫీ తోట పక్కన, రేకుల షెడ్డున్నది. ముందర మైదానం ఎంతుంటదంటే, బావ నడిపే డంపర్ గిర్రున తిప్పొచ్చు. పొద్దున తొమ్మిదైనా పొగమంచు ఇడువదు. ఏప్రిల్‌ల గూడ మీ అత్త స్వెట్టర్ ఇప్పదు. వాన పడుతది గని నీళ్లు నిలవయి, వాలు నేల. డీజే వద్దన్న. బాజా గూడ వద్దన్న. గుర్రం బెదురుతది కద.

మీ మామ,
సాంబమూర్తి

తా.క. ఇక్కడ ఓపెన్‌కాస్ట్ లేదు, క్రషర్ లేదు, ఏ చప్పుడూ లేదు. నాకు ఇనపడక అంటలేను. మూడు రోజులు మీ అత్తను మైదానంల నిలబెట్టి అడిగిన.

*

మణుగూరు,
మార్చి 6

మామకు,

నవత రాసేది. నీ నాలుగు పేజీలు అందినయి. ఇక్కడ ఏం జరుగుతున్నదో ఉన్నదున్నట్టు రాస్తున్న, నువ్వు నమ్మినా నమ్మకున్నా.

నాయిన గుర్రం ఇయ్యనని హీరాలాల్‌కు కబురు పెట్టిండు. హీరాలాల్ కోపంతో వచ్చిండు. పెండ్లి గుర్రమని విని కూర్చున్నడు. చాయ్ తాగి, "నా బిజిలి మీద పెండ్లి జరుగుతుంటే ఉత్త వీపు మీద ఎక్కుతదా బిడ్డ?" అని మరుసటి రోజు మఖమల్ జీను, అద్దాల కళ్లెం తెచ్చిచ్చిండు. నాకు రెండేండ్ల సంది ఒక జీను కావాలె. అడిగినప్పుడు ఇయ్యలేదు.

పక్క క్వార్టర్ జమ్లక్క బిజిలికి అద్దాల గుడ్డ కుడుతున్నది. నాయిన హాల్లో ఉన్న కూలర్ తీసి బిజిలి షెడ్డులో పెట్టిండు. "మూడింటికి బ్లాస్టింగ్ అప్పుడు కూలర్ మోతల అది ఇనపడదు" అంటున్నడు. నిజమే, రెండు రోజుల సంది వణకడం తగ్గింది. మా ముగ్గురికి చెమటలు. మొన్నటి దాకా పరువు తక్కువన్న మనిషి ఇప్పుడు దానికి రెండుపూటలా గడ్డి తెస్తున్నడు.

పిల్లగాడెవరని అడిగేది అమ్మ ఒక్కతే. నోటితో అడగదు, కండ్లతో వెతుకుతది. బిజిలి గాయాలకు నేను మందు కొనేది అక్కడనే అని ఆమె అనుమానం మెడికల్ షాపు రాజేష్ మీద పడ్డది. రోజూ పొద్దున పోయి ఎదురుంగ నిలబడి చూసింది. నాలుగో రోజు అతను షాపు మూసి ఏన్కూరులో వాళ్లక్క ఇంటికి పోయిండు. పాపం, అతనికి గుర్రాలంటే భయం కూడా.

నేను లేడు అన్నకొద్దీ అందరికీ ఉన్నడనే నమ్మకం గట్టి పడుతున్నది. ఇగ అనడం బంద్ చేసిన.

ఇట్లు,
నవత

తా.క. అమ్మ నిన్న బిజిలికి పసుపు రాసింది. తెల్లగుర్రం కదా, ఇప్పుడు నిమ్మకాయ లెక్కున్నది.

*

లంబసింగి,
మార్చి 12

బిడ్డ నవతకు, బావకు, చెల్లెకు, ముగ్గురూ కలిసి చదువుకునేటట్టు సాంబమూర్తి రాసేది.

మన ఇంటి ఆచారం మీకు యాదికున్నదో లేదో. పెండ్లి గుర్రం ముందుగాల మేనమామ గడప చూడాలె, మేనమామ చేతి గడ్డి మెయ్యాలె. ఆ తర్వాతనే పెండ్లికూతురు ఎక్కాలె. అదీ నవమి లోపల జరగాలె. పెండ్లి ముహూర్తం మెల్లగ చూసుకోవచ్చు, తొందరేం లేదు.

ఇక్కడి అల్లం లారీ ఖమ్మం మార్కెట్ల దింపి ఖాళీగ తిరిగొస్తది. డ్రైవర్ ఆదినారాయణ నెమ్మదస్తుడు, హారన్ కొట్టడు. ఇరవై రెండు పొద్దున మణుగూరు వస్తడు. గుర్రం ఎవరి మాట ఇంటదో వాళ్లు ఎంట రావాలె.

సాంబమూర్తి

తా.క. పిల్లగాడెవరని వెతుకుతున్నవంట చెల్లే. ఆర్మీల ఉన్నడు. సరిహద్దుల సెలవు దొరకలేదు. ఇంతకంటే ఎక్కువ రాయొద్దు, దేశానికి సంబంధించింది.

*

మణుగూరు,
మార్చి 20

మామకు,

నవత రాసేది. ఇది చివరి ఉత్తరం కావచ్చు, ఎందుకంటే ఎల్లుండి నేనే వస్తున్న.

ఆచారం సంగతి చదివి నాయిన కాసేపు పైకి చూసిండు. మన రెండిండ్లల్లో అసుంటి ఆచారం లేదని ఆయనకు తెలుసు. అయితే మేనమామకు తెల్సిన ఆచారం తనకు తెల్వదని ఎట్ల ఒప్పుకుంటడు? "అవ్, మా తాత పెండ్లికి గూడ గిట్లనే చేసిన్రు" అన్నడు. వాళ్ల తాత కూసుమంచి నుంచి సైకిల్ మీద పోయి పెండ్లి చేసుకొని, వచ్చేటప్పుడు వాళ్ల నాయనమ్మను క్యారేజీ మీద కూర్చోబెట్టుకొని వచ్చిండు. ఆ ఫొటో ఆయన తల మీదనే గోడకున్నది. ఫొటోలో సైకిల్ కూడా ఉన్నది.

నువ్వు ఎంట రమ్మన్నది నన్నే. బిజిలి నా మాట తప్ప ఎవ్వరి మాటా వినదని కాలనీ అంతటికీ తెలుసు. అమ్మ బ్యాగు సర్దింది. అందులో ఆరు పట్టుచీరలు, ఒక స్వెట్టర్. నేను మూడు జీన్స్ అడుగున దాచిన.

మామా, ఒకటి చెప్పాలె. నేను కోరుకున్నదే జరుగుతున్నది, అయితే నా మాట మీద కాదు, లేని మనిషి మాట మీద. నిన్న నాయిన గుర్రం డెక్కలు కడుగుతుంటే చూసిన. అబద్ధాన్ని అంత శ్రద్ధగా కడగడం చూడలేకపోయిన. లంబసింగికి వచ్చి నీ ముందు నిలబడి, పిల్లగాడు లేడు, ఏ సరిహద్దులో లేడు అని పెద్దక్షరాలతో రాసి చూపిస్త. అప్పుడు నువ్వు బిజిలిని వెనక్కి పంపినా సరే.

ఇట్లు,
నవత

తా.క. హీరాలాల్ ప్రయాణానికి దూది ఇచ్చిండు. బిజిలికి ఒక పొట్లం, నాకొకటి.

*

(ఆదినారాయణ చేతికిచ్చినది)

బిడ్డ నవతకు,

ఈ కవరు భద్రాచలం వంతెన దాటినంకనే నీకియ్యమని ఆదినారాయణకు చెప్పిన. గోదావరి ఎనుక పడ్డదా? అయితే చదువు.

నువ్వు ఫిబ్రవరిల రాసిన మొదటి ఉత్తరం నేను చదివిన దినమే మొత్తం సమజైంది. చెవులు పోయినయ్ గని కండ్లు పోలేదు. "గుర్రం మీద తిరుగుత" అని ఇరవై రెండేండ్ల పిల్ల రాస్తే ఏ బావ ఒప్పుకుంటడు? నేను సిఫారసు చేస్తే, "ముసలోనికి మతి గూడ పోయింది" అని నవమి దాకా ఆగకుండ రేపే అప్పగిస్తడు. పెండ్లి అంటే ఆగుతడు. పెండ్లి మాట మీద మేనమామకు ఎదురు చెప్పే మొగోడు మన దిక్కు ఇంక పుట్టలేదు. ఆచారం నేను చాయ్ తాగుకుంట పుట్టించిన. అత్త రెండు ముక్కలు కలిపింది. చేతి గడ్డి ముచ్చట ఆమెదే.

నీకు ముందే చెప్తే నువ్వు నవ్వుదువు. నీ మొఖం మీ అమ్మ చదువుతది. నువ్వు నిజంగ కోపం చేసినవ్ గనుకనే వాళ్లు నిజంగ నమ్మిన్రు.

ఇంత ఎందుకు చేసిన అంటవా? ముప్పై ఏండ్లు నేనే బత్తీ పెట్టి నేనే పేల్చిన. మొదటి ఏడాది రెండున్నర కాంగనే నా చేతులు వణికేటివి. ఎవ్వరికీ చెప్పలే. తర్వాత వణుకుడు పోయింది, దాని ఎంబడే చెవులు పోయినయ్. రెండున్నర నుంచే వణికే జీవి ఉన్నదని నువ్వు రాసినప్పుడు, ఆ ముక్క కాడ చదువుడు ఆపి మీ అత్తతోని ఇల్లు చూద్దాం పా అన్న.

నిజం చెప్పాలని నువ్వు నాకు ఇంకో ఉత్తరం రాసే ఉంటవ్. అది నీకంటే వారం ఎనుక వస్తది. ఇద్దరం కలిసి చదువుకుందాం.

అబద్ధం నాది, నువ్వు మొయ్యకు. దసరాకు బావను, చెల్లెను ఇక్కడికి పిలుస్త. నువ్వు మంచుల గుర్రమెక్కి మైదానం చుట్టు తిరుగుతుంటె వాళ్లను అరుగు మీద కూసోబెట్టి, అప్పుడు చెప్త. తిట్టేది ఉంటే నన్నే తిట్టమను. ఇనపడదు.

మీ మామ,
సాంబమూర్తి

తా.క. ఇక్కడ టపా మనిషి రిటైరైండు. పై గూడేలకు, పై ఆఫీసుకు ఉత్తరాలు మోసే మనిషి దొరకక సంచి అట్లనే ఉన్నది. పదో తరగతి మార్కులు చాలంట, నీకున్నయి. ఒక్కటే చిక్కు, సైకిల్ తొక్కొచ్చా అని అడుగుతున్నరు. సైకిల్ రాదు గని గుర్రం వస్తది అన్న. పోస్ట్‌మాస్టర్ దరఖాస్తు కాయితం చూసి, దీంట్ల గుర్రానికి గడి లేదు, పై ఆఫీసును అడుగుత అని ఉత్తరం రాసిండు. ఆ ఉత్తరం గూడ ఆ సంచిలనే ఉన్నది. నువ్వొస్తేనే కదులుతది.