అత్తయ్య బాగుందన్నారు

మార్చి 3, సోమవారం

జ్వరం తగ్గి తొమ్మిది రోజులు. నాలుక ఇంకా తిరిగి రాలేదు. కాఫీ అని వేడినీళ్లు ఇచ్చినా నాకు తేడా తెలియదు. చిటికెడు ఉప్పు నోట్లో వేసుకున్నాను, ఇసుక. డాక్టర్ని అడిగితే వారం పట్టొచ్చు, ఏడాదీ పట్టొచ్చు అన్నాడు. ఆ మాత్రం నేనూ చెప్పగలను.

పదకొండేళ్లుగా పత్రికలో తిండి పేజీ రాసి బతుకుతున్నదాన్ని. ఈరోజే ఎడిటర్ కొత్త సిరీస్ అప్పగించాడు. ఒకే ఊళ్లో అరవైకి, నాలుగు వందలకి, మూడు వేలకి బాగా తినడం ఎలా? మూడు చోట్లు, మూడు వారాలు. ఇవీ ఎవరూ చదవకపోతే పేజీ ఎత్తేసి ప్రకటనలు వేస్తారట. తేలు కుట్టిన దొంగలా తలూపి వచ్చాను.

మార్చి 4

రుచి చెప్పడానికి మా ఆయన పనికిరారు. పెళ్లైన రెండో నెల నుంచీ రెండు పూటలా ఆఫీసు క్యాంటీన్‌లోనే తింటారు. స్నేహితులంటే అంత ప్రాణం.

మిగిలింది అత్తయ్య. నర్సుల హాస్టల్లో ముప్ఫై ఏళ్లు వంట చేసిన మనిషి. నేను కాపురానికి రాగానే గరిటె నా చేతికిచ్చి, ఇక పొయ్యి మొహం చూడనన్నారు. పంతొమ్మిదేళ్లుగా నేను ఏం వండినా కిక్కురుమనకుండా తింటున్నారు. పక్కన చెంబుడు నీళ్లుంటే చాలు, ఇంకేమీ అడగరు. ఇలాంటి అత్తగారు ఎంతమందికి దొరుకుతారు?

నాలుక సంగతి చెప్పలేదు. బయట భోంచేద్దాం రమ్మన్నాను. ఎన్నింటికి తయారవ్వాలని అడిగారు.

మార్చి 6, గురువారం

నాలుగు వందల చోటు. అద్దాల తలుపులు, లోపల చలి. కూర ఎలా ఉందంటే అత్తయ్య బాగుందన్నారు. ఉప్పు సరిపోయిందా అంటే బాగుందన్నారు. నీళ్ల జగ్గు పట్టుకుని కుర్రాడు ఐదుసార్లు వచ్చాడు. పెద్దావిడని ఎండలో నడిపించానని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇంటికొచ్చి ఒక్క ఊపున రాసేశాను, ఇంటి వంటను మరిపించే కూర అని.

మార్చి 12, బుధవారం

మెయిల్స్ ఇరవై మూడు. కూర ఉప్పు కషాయమట, నూనె పాతదట. నేను అక్కడ తిన్నానా లేక గోడమీద బొమ్మలు చూసి రాశానా అని ఒకాయన అడిగాడు. ఎడిటర్ అదే మాట కాస్త మర్యాదగా అడిగాడు. ఇంకొక్కసారి ఇలా జరిగితే మూడో వారం దాకా ఆగనన్నాడు.

సాయంత్రం 6

అత్తయ్యను నిలదీశాను. నాలుక చచ్చిందని, ఉద్యోగం పోయేలా ఉందని, ఆవిడేమో అబద్ధం చెప్పారని. గొంతు కూడా లేచింది. ఇప్పుడు సిగ్గేస్తోంది.

ఆవిడ చాలాసేపు చేతులు తుడుచుకున్నారు. ముప్ఫై ఏళ్లు పూటపూటా మాటలు పడ్డానమ్మా అన్నారు. ఒకమ్మాయి జావ పలుచన అంటే ఇంకో అమ్మాయి చిక్కన అనేదట. రెండు మాటలూ నిద్రలో కూడా వినిపించేవట. ఎవరో పొయ్యి ముందు నిలబడి చేసిన దానికి వంక పెట్టడానికి తనకు నోరు రాదట, నా కోసమైనా సరే. తోడు వస్తాను, తింటాను, అడక్కు అన్నారు.

అడకత్తెరలో పోకచెక్కనయ్యాను.

మార్చి 14, శుక్రవారం

అరవై చోటు. బస్సు డిపో వెనక ఆరు బెంచీలు. వండేదీ వడ్డించేదీ ఒక్కావిడే. అన్నం, ఒక కూర, అంతే.

నేను అడగలేదు. చూస్తూ కూర్చున్నాను. అత్తయ్య తలెత్తలేదు. కూర రెండోసారి వేయించుకున్నారు. తిన్నాక పొయ్యి దగ్గరికి వెళ్లి ఆవిడతో పావుగంట ఏదో మాట్లాడి వచ్చారు. బాగుందన్నారు, మామూలుగానే.

లేవబోతుంటే కంటపడింది. అత్తయ్య ముందున్న గ్లాసులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. ఎండ మొన్నటికంటే ఎక్కువే. అప్పుడు గుర్తొచ్చింది, ఆ జగ్గు ఐదుసార్లు వచ్చిన సంగతి.

మార్చి 19

డిపో వెనక చోటు గురించి రాసింది వచ్చింది. ఒక్క ఫిర్యాదు లేదు.

మార్చి 20, గురువారం

మూడు వేల చోటు. సూప్, గ్లాసు ముట్టలేదు. చేప, ముట్టలేదు. తర్వాత వచ్చిన, పేరు కూడా నోరు తిరగని ఎర్ర కూర, గ్లాసున్నర. చివర్లో తీపికి ఒక్క గుటక. అన్నీ బాగున్నాయని వడ్డించినతనికి చెప్పి, లోపల వంటాయన కూర్చోవడానికి కుర్చీ ఉందా అని అడిగారు. అతనికి తెలియదట.

మార్చి 27, గురువారం

మూడో వారం దాంట్లో నిజం రాసేశాను, నిన్న వచ్చింది. నాలుక పోయిందని, మొదటి వారం తప్పు రాశానని, తింటున్నది మా అత్తగారని, ఆవిడ తాగే నీళ్లు చూసి రాస్తున్నానని. పోతే పోనీ అనుకున్నాను. పోలేదు. ఎడిటర్ నవ్వి నవ్వి కళ్లద్దాలు తీశాడు. పేజీ ఉంటుందట. ఇకపై స్టార్స్ బదులు గ్లాసులు వేద్దామన్నాడు, ఎన్ని తక్కువైతే అంత మంచిది.

అత్తయ్య కూడా చదివారు. పేపరు మడిచిపెట్టి, నాకేసి ఒకసారి చూశారు.

మార్చి 28

మధ్యాహ్నం అత్తయ్య చెంబు లేకుండా భోజనానికి కూర్చున్నారు. నా టమాటా కూర. రెండో ముద్దకే దగ్గొచ్చింది. కళ్లల్లో నీళ్లొచ్చాయి. అయినా నీళ్లడగలేదు, మూడో ముద్ద కలుపుకున్నారు.

పంతొమ్మిదేళ్లు. మా ఆయన క్యాంటీన్ కూడా అప్పుడే గుర్తొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు, రెండూ వచ్చాయి. లేచి వెళ్లి చెంబు నిండా నీళ్లు తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను. బాగుందమ్మా అన్నారు.

ఏప్రిల్ 5, శనివారం

రుచి వచ్చింది. మొదట తెలిసింది నా కూరే.

అత్తయ్య చెంబు నా వైపు జరిపారు.