కుప్ప కింద మనుషులు

చిత్తూరు, 2004 జూన్, మంగళవారం

మామిడి మండీ ఆయన క్యాలెండర్ కోసం అయిదు ఫొటోలు కలిపి ఒకే పొడుగాటి బొమ్మ చేసినాను. ఆయన మా స్టూడియోకి వచ్చి చూసి, కాయలు ఏరుతున్న నలుగురు ఆడవాళ్ల మీద వేలు పెట్టినాడు.

"వీళ్లెందుకు పాపా ఈడ? ఆ కుప్పనే కాపీ చేసి వీళ్ల మీద అతికించు."

"ఆ కుప్ప పోసింది వాళ్లే కదన్నా!"

"అయితే? వాళ్ల మొగాలు ఎవురు సూస్తారు?"

మా ఓనరు నవ్వుతా, "చెప్పింది చెయ్యి మే" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. ఫొటో తీసేటప్పుడు వాళ్లలో ఒకామె, మునెమ్మ, ఎంత ఆశగా కొప్పు సర్దుకునిందో వీళ్లకేం తెలుసు? పాత ఫైలు ఆమె కోసం దాచినాను. కానీ ఊరంతా గోడలకు తగిలించేది అది కాదు గదా!

నలుగురినీ కాయల కింద పూడ్చినాను. మునెమ్మ కుడిచెయ్యి మాత్రం తుడపలేదు. కాయ పట్టుకుని కుప్పలోంచి బయటికి వచ్చిన ఆ చెయ్యిని అట్లనే ఉంచి సేవ్ చేసి ప్రెస్సుకు పంపించేసినాను. పంపేముందు ఇద్దరూ చూసి, ఆ చెయ్యి కనిపెట్టకనే బాగుండాదన్నారు.