నర్సమ్మ పుస్తకాలు

కరుణా,

నువ్వు పోయి ఎనిమిది నెలలు. పొద్దుటి నుంచి ముసురు పట్టింది. పనలు కుప్ప వేయించి, బరకాలు కప్పేసరికి పన్నెండయింది. ఇక పొలంలో చేసేదేమీ లేదు.

పోయిన వారం నీ ట్రంకు పెట్టె తెరిచాను, చీరలు అమ్మాయికి ఇద్దామని. అడుగున పదకొండు డిటెక్టివ్ నవలలున్నాయి. అన్నీ ఒకే ఆవిడ ఎప్పుడో రాసినవి. నువ్వు చదువుతావని తెలుసు గానీ, ఏం చదువుతావో ఎప్పుడూ అడగలేదు...

ఆవిడ కథల్లో పోలీసులకంటే ముందు హంతకుణ్ణి పట్టేది ఒక నర్సమ్మ. కాన్పులు చెయ్యడానికి ఇళ్లలోకి వెళ్తుంది. ఎవరి కంచంలో ఏం మిగిలిందో కూడా చూస్తుంది. మూడు చదివాను. మూడింట్లోనూ హంతకుడెవరో నాకు తట్టలేదు. "మీకు ఎదురుగా ఉన్నది కనపడదండీ" అనేదానివి. నిజమే.

నాలుగో దాంట్లో ఒకచోట ఆగిపోయాను. రోజూ కూరకి వంకలు పెట్టే మొగుడు ఉన్నట్టుండి మానేస్తాడు. ఏదో దాస్తున్నాడని నర్సమ్మ కనిపెడుతుంది. ఆ పేజీ పక్కన పెన్సిల్‌తో నీ రాత. "ఈయన వంక పెట్టి కూడా నెలయింది."

ఎప్పుడు రాశావు ఇది?

విజయవాడలో డాక్టరు గారు నన్నూ, మన అమ్మాయి సలోమినీ లోపలికి పిలిచి క్యాన్సరని చెప్పారు. నీతో మాత్రం కడుపులో పుండన్నాం, మందులతో తగ్గుతుందన్నాం. "సరేలెండి" అన్నావు. అంతకుముందు ముప్పయ్యేళ్లలో నేను వంక పెట్టని నెల ఉందా? లేదు. అంటే ఆ తర్వాతే...

ఇంకోటి గుర్తొచ్చింది. ఒకరోజు పప్పులో అసలు ఉప్పే లేదు. నీరసంలో మరిచిపోయావనుకుని, బాగుందన్నాను. నా మొహంలోకి చూసి "అయితే ఇంకాస్త వేసుకోండి" అన్నావు. వేసుకున్నాను. అది మరుపా, పరీక్షా?

గుణదల మేరీమాత తిరనాళ్లకి తీసుకెళ్లమన్నావు. కొండెక్కలేక కిందే కూర్చుని చాలాసేపు ప్రార్థన చేసుకున్నావు. ఏమడిగావు?

తెలిసే ఊరుకున్నావా? భయం వేసినప్పుడు ఎవరితో చెప్పుకున్నావు? నీకు చెప్పొద్దని సలోమి దగ్గర మాట తీసుకున్నది నేనే. ఎన్నిసార్లు ఆలోచించినా, చేసింది మంచో చెడో తేలడం లేదు.

అమ్మాయి నిన్న వచ్చింది. ఆదివారం దాకా ఉంటానంది. ఇవాళ భోజనాలయ్యాక ఆ పేజీ చూపించాను. నిలబడే చదివింది. పుస్తకం సంచిలో పెట్టుకుని నాలుగింటి బస్సుకి వెళ్లిపోయింది.